సి భాషలో ఆబ్జెక్టులు: రన్‌టైమ్ ఎంత బరువుండాలి?

మోటారుగది:

అందరికీ నమస్కారం. వ్యవసాయ బోర్ల మోటార్లను ఫోను ద్వారా నడిపే స్టార్టరుకు ఫర్మ్‌వేర్ రాస్తున్నాను. చిప్ ఎస్‌టీఎం32 ఎఫ్030 వరుసలోని చిన్నరకం. దానిలో ఉన్నది 16 కిలోబైట్ల ఫ్లాష్, 4 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే. మూడు ఫేజుల వోల్టేజీలు, మూడు కరెంట్లు, తొట్టిలో పై మట్టం, కింది మట్టం, మోటారు వేడి, పెట్టె లోపలి వేడి, బ్యాటరీ, సిగ్నల్ బలం కలిపి 12 కొలతలను కనిపెట్టుకొని ఉండాలి. ఇవి ఆరు రకాలు. ఏ రకమైనా పై స్థాయి కోడు దాన్ని అడిగేవి ఆరు పనులే: సిద్ధం కావడం, చదవడం, సవరించడం, హద్దు దాటిందో లేదో చెప్పడం, స్థితిని ఎస్సెమ్మెస్‌కు తగిన వాక్యంగా మార్చడం, ఆగిపోవడం.

ప్రస్తుతం ఈ ఆరు పనులకూ ఆరు చోట్ల స్విచ్ వాక్యాలు (రకాన్ని బట్టి దారి ఎంచుకునే కోడు) ఉన్నాయి. కొత్త రకం చేర్చినప్పుడల్లా ఆరింటినీ వెతికి దిద్దాలి. మోటారు వేడిని చేర్చినప్పుడు ఒక స్విచ్‌ను మరిచిపోయాను. వేడి హద్దు దాటినా హెచ్చరిక వెళ్ళలేదు. పొలంలో పరీక్షించేటప్పుడు గాని ఆ సంగతి బయటపడలేదు.

అందుకని ఆబ్జెక్ట్ పద్ధతిలో తిరగరాద్దామని ఒక చిన్న రన్‌టైమ్ (ప్రోగ్రాము నడుస్తుండగా ఆబ్జెక్టులను చూసుకునే కోడు) మొదలుపెట్టాను. ప్రతి క్లాసుకూ పేరు, తల్లి క్లాసుకు పాయింటర్, ఆబ్జెక్ట్ పరిమాణం, పుట్టించే ఫంక్షన్, రిఫరెన్స్ కౌంట్ (ఆబ్జెక్ట్‌ను ఎందరు పట్టుకుని ఉన్నారో లెక్క), క్యాస్ట్ చేసేటప్పుడు, అంటే పాయింటర్‌ను మరో రకంగా మార్చేటప్పుడు తనిఖీ, ఇవన్నీ పెట్టాను. ఒక్క సెన్సారు కూడా రాయకముందే దాదాపు 2 కిలోబైట్ల ఫ్లాష్ ఖర్చయింది. వీటిలో ఏది నిజంగా అవసరమో, ఏది మోజో మీరు చెప్పగలరా?

పాతకాపు:

మోటారుగది గారూ, "ఆబ్జెక్ట్ పద్ధతికి రన్‌టైమ్" అని ఒకే మాటతో మనం పిలుస్తున్న దానిలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే మీ ప్రశ్న సగం తేలిపోతుంది. ఒకటి, పిలుపును సరైన ఫంక్షన్‌కు చేర్చడం. రెండు, చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ఏ రకానిదో ప్రోగ్రాము నడుస్తుండగా తెలుసుకోవడం. మూడు, ఆబ్జెక్ట్ ఎప్పుడు పుట్టాలో, ఎప్పుడు పోవాలో చూసుకోవడం. మీ ఫిర్యాదు మొదటి పనికి సంబంధించినది. మీరు రాసిన 2 కిలోబైట్లలో అత్యధిక భాగం మిగతా రెండింటి కోసం.

మొదటి పనికి సి భాషలో కావలసినది ఫంక్షన్ పాయింటర్లతో (ఫంక్షన్ల చిరునామాలతో) నిండిన ఒక స్ట్రక్చర్. అయితే ఆ పాయింటర్లను ఎక్కడ ఉంచాలన్నది ముఖ్యం. చాలా పాఠాలు చూపించినట్టు ప్రతి ఆబ్జెక్టులోనే ఆరు పాయింటర్లను పెడితే ఒక్కోదానికి 24 బైట్లు, 12 ఆబ్జెక్టులకు 288 బైట్లు అవుతుంది. ఇది మీ ర్యామ్‌లో 7 శాతం. అదే రకానికొక పట్టికను కాన్స్ట్‌గా (మారనిదిగా) రాసి, ఆబ్జెక్టులో ఆ పట్టికకు ఒక్క పాయింటర్ మాత్రమే ఉంచితే ర్యామ్ ఖర్చు 48 బైట్లకు దిగుతుంది, పట్టికలు ఆరూ కలిపి ఫ్లాష్‌లో 144 బైట్లు తీసుకుంటాయి. పిలుపు సమయంలో అదనంగా జరిగేది పట్టిక చిరునామాను, అందులోంచి ఫంక్షన్ చిరునామాను తెచ్చుకోవడం. అంటే రెండు లోడ్లు. మీ చిప్‌లోని కార్టెక్స్ ఎం0 ప్రాసెసర్ మీద లోడు ఒక్కొక్కటి 2 సైకిళ్ళు. సెకనుకు పదిసార్లు నీటి మట్టం చూసే ప్రోగ్రాముకు ఇది లెక్కలోకి రాదు.

వారసత్వానికి కూడా రన్‌టైమ్ అక్కరలేదు. తల్లి స్ట్రక్చర్‌ను పిల్ల స్ట్రక్చర్‌లో మొదటి సభ్యునిగా పెట్టండి. స్ట్రక్చర్ పాయింటర్‌ను తగినట్టు మార్చితే అది మొదటి సభ్యుణ్ణే చూపుతుందనీ, మొదట్లో ఖాళీ బైట్లు ఉండవనీ సి ప్రమాణం హామీ ఇస్తుంది. ఈ ఒక్క హామీ మీదనే సి భాషలోని ఆబ్జెక్ట్ వ్యవస్థల్లో చాలావరకు నిలబడి ఉన్నాయి.

తొలిబైటు:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇదంతా చేతితో కట్టుకోవడం కన్నా సి ప్లస్‌ప్లస్ వాడవచ్చు కదా? ఆ చిప్‌కు కంపైలర్ ఉంది. వర్చువల్ ఫంక్షన్ అంటే ఈ పట్టికే అని మాకు తరగతిలో చెప్పారు.

పాతకాపు:

సరిగ్గానే చెప్పారు. ఎక్సెప్షన్లనూ, రకం సమాచారాన్నీ కంపైలర్ ఐచ్ఛికాలతో ఆపివేస్తే సి ప్లస్‌ప్లస్ తయారుచేసే పట్టికకూ, మనం చేతితో రాసే పట్టికకూ పెద్ద తేడా ఉండదు. అసలు ఆ భాష పుట్టింది కూడా ఈ దారిలోనే. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో "క్లాసులతో కూడిన సి" అని మొదలుపెట్టిన పని తరువాత సి ప్లస్‌ప్లస్ అయింది. దాని తొలి కంపైలర్ సీఫ్రంట్ 1985లో బయటి వారికి అందింది. అది క్లాసులున్న కోడును మామూలు సి కోడుగా మార్చి ఇచ్చేది. వర్చువల్ ఫంక్షన్లను సి భాషలో ఎలా రాయాలన్న ప్రశ్నకు ఆ రోజుల్లోనే ఒక ప్రోగ్రాము జవాబు రాసి చూపింది.

అయితే భాషను మార్చాలా వద్దా అన్నది ఒక్క సాంకేతిక ప్రశ్న కాదు. బృందంలో ఎవరికి ఏది వచ్చు, ఉన్న కోడు ఎంత అన్నవి మోటారుగది గారే చెప్పాలి.

మోటారుగది:

మేము ముగ్గురం. మిగతా ఇద్దరికీ సి మాత్రమే వచ్చు, రేపు నేను లేకపోయినా వాళ్ళు దీన్ని నడపాలి. కాబట్టి సి లోనే ఉంటాము.

కిటికీలమేస్త్రి:

పాతకాపు గారు మిగతా రెండు పనులనూ కొంచెం తేలికగా తీసేశారని నాకు అనిపిస్తోంది. నేను చాలాకాలంగా జీటీకే అనే సి లైబ్రరీతో కిటికీలు, బటన్లు ఉన్న తెరలు కడుతున్నాను, కాబట్టి దాని ఆబ్జెక్ట్ వ్యవస్థ జీఆబ్జెక్ట్ పక్షాన నాలుగు మాటలు చెప్పాలి.

జీటీకే మొదట గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము కోసం పుట్టింది. దాని ఆబ్జెక్ట్ వ్యవస్థ మొదట జీటీకే లోపలే ఉండేది. తెరతో సంబంధం లేని ప్రోగ్రాములకూ అది పనికివస్తుందని గ్రహించి జీటీకేకు ఆధారమైన జీలిబ్ లైబ్రరీలో, 2002లో వచ్చిన 2.0లో దాన్ని విడిగా జీఆబ్జెక్ట్‌గా పెట్టారు. దానిలో ప్రతి రకాన్నీ ప్రోగ్రాము నడుస్తుండగానే నమోదు చేస్తారు. ఒక రకానికి చెందిన మొదటి ఆబ్జెక్ట్‌ను పుట్టించినప్పుడు రన్‌టైమ్ ఆ క్లాసు పట్టికకు చోటు కేటాయించి, తల్లి క్లాసు పట్టికను బైట్లకు బైట్లుగా అందులోకి నకలు చేసి, ఆ తరువాత మీరు రాసిన క్లాస్ ఇనిట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్‌లో మీరు మార్చదలచుకున్న గడులను మాత్రమే మార్చుతారు. మార్చనివి తల్లివే. వారసత్వం ఇంత నిరాడంబరంగా జరగడం చూసి మొదటిసారి నాకు నవ్వొచ్చింది. నకలు చేసి దిద్దడం తప్ప అందులో మాయ ఏమీ లేదు.

రకం తనిఖీ విషయానికి వస్తే, తల్లి పాయింటర్ వెంట ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వెతకడమే దారి అని చాలామంది అనుకుంటారు. జీఆబ్జెక్ట్‌లో ప్రతి రకమూ తన పూర్వీకుల జాబితాను మొత్తంగా తన దగ్గరే ఉంచుకుంటుంది. "ఇది బటన్ జాతికి చెందినదేనా" అని అడిగితే, బటన్ ఎన్నో మెట్టులో ఉందో ముందే తెలుసు కనుక, జాబితాలో సరిగ్గా ఆ గడిని తీసి పోల్చితే చాలు. వంశం ఎంత పొడవైనా తనిఖీకి ఒకే పోలిక.

ఇక మూడో పని. తెర మీద ఒక కిటికీని మూసినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నవాళ్ళు ఎందరో ఎవరికీ తెలియదు. అందుకే రిఫరెన్స్ కౌంట్. కానీ తల్లి పిల్లను, పిల్ల తల్లిని పట్టుకుంటే లెక్క ఎప్పటికీ సున్నాకు రాదు. అందుకని చావును రెండు దశలు చేశారు. డిస్పోజ్ దశలో ఆబ్జెక్ట్ తన చేతిలోని ఇతర ఆబ్జెక్టులన్నిటినీ వదిలేస్తుంది, ఇది ఒకటికన్నా ఎక్కువసార్లు జరగవచ్చు. ఫైనలైజ్ దశ ఒక్కసారే జరుగుతుంది, అప్పుడే మిగిలిన జ్ఞాపకం తిరిగి వెళుతుంది. ఈ తేడా తెలియక డిస్పోజ్‌లోనే ఫ్రీ చేసి, అది రెండోసారి పిలవబడినప్పుడు కుప్పకూలిన కోడును నేనే రాశాను.

ఇవన్నీ సుఖం కోసం పెట్టుకున్న అలంకారాలు కావు. పది లైబ్రరీలు, ఎవరెవరో రాసిన కోడు, ఒకరి ఆబ్జెక్టులను ఒకరు పట్టుకునే చోట వీటికి ప్రత్యామ్నాయం ఏమిటో పాతకాపు గారు చెబితే వింటాను.

పాతకాపు:

మేస్త్రి గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. "ఎవరెవరో రాసిన కోడు" అన్నారు. మోటారుగది గారి 12 ఆబ్జెక్టులు కరెంటు వచ్చినప్పుడు పుడతాయి, కరెంటు పోయినప్పుడు పోతాయి, ముగ్గురే వాటిని ముట్టుకుంటారు. అవి స్టాటిక్‌గా ఉంటే చాలు. చావే లేని చోట లెక్కలు పెట్టుకోవడం ఎందుకు?

సున్నాకుఉత్తరం:

నేను ఆబ్జెక్టివ్-సి వైపు నుంచి వచ్చాను. సి భాషకు ఆబ్జెక్టుల రన్‌టైమ్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది అదే. 1980ల మొదట్లో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ కలిసి, స్మాల్‌టాక్‌లోని సందేశాల పద్ధతిని సి భాష మీద పొరగా వేశారు. 1988లో నెక్స్ట్ సంస్థ దాన్ని లైసెన్సుకు తీసుకుంది. యాపిల్ ఆ సంస్థను కొన్నాక అది మ్యాక్‌కూ, ఐఫోన్‌కూ చేరింది.

పాతకాపు గారు చెప్పిన పట్టికలో ఏ ఫంక్షన్ ఎన్నో గడిలో ఉందో కంపైలర్‌కు ముందే తెలుసు. ఆబ్జెక్టివ్-సిలో ఆ ముందస్తు ఒప్పందమే లేదు. ప్రతి పిలుపూ కంపైల్ అయ్యాక రన్‌టైమ్‌లోని ఒకే ఫంక్షన్‌కు పిలుపుగా మారుతుంది. దానికి మొదటి వాదం (ఆర్గ్యుమెంట్) సందేశం అందుకునే ఆబ్జెక్ట్, రెండో వాదం సెలెక్టర్, అంటే మెథడ్ పేరుకు ప్రోగ్రాము మొత్తంలో ఒక్కటే ఉండే గుర్తు. ఆ ఫంక్షన్ ఆబ్జెక్టులోంచి క్లాసును తెలుసుకుని, ఆ క్లాసుకు ఉన్న చిన్న హ్యాష్ పట్టికలో సెలెక్టర్‌ను వెతుకుతుంది. దొరికితే నేరుగా అక్కడికి దూకుతుంది. దొరకకపోతే మెథడ్ జాబితాలను తల్లి, అమ్మమ్మ వరసలో గాలించి, దొరికినదాన్ని తరువాతి పిలుపు కోసం హ్యాష్‌లో దాచుకుంటుంది. అక్కడా లేకపోతే, "ఈ సందేశాన్ని ఎవరికైనా పంపుతావా" అని ఆబ్జెక్ట్‌నే అడుగుతుంది. ప్రోగ్రాములో లక్షలసార్లు నడిచే ఈ ఫంక్షన్‌ను యాపిల్ అసెంబ్లీలో రాసింది. వాదాలు ఎన్నో, ఏ రకమో తెలియకుండానే వాటిని ఉన్నవి ఉన్నట్టు వదిలి దూకడం సి భాషలో రాయలేని పని.

నా పేరు వెనుక కథ కూడా అందులోనిదే. శూన్య పాయింటర్‌కు సందేశం పంపితే ప్రోగ్రాము కూలదు. మెథడ్ పూర్ణాంకమో పాయింటరో తిరిగి ఇచ్చేదైతే సున్నా వస్తుంది. ఇది కొందరికి వరం, కొందరికి తప్పులను దాచిపెట్టే ముసుగు. నేను రెండు వైపులా ఉన్నాను.

మీకు పనికివచ్చే సంగతి మరొకటి. తల్లి స్ట్రక్చర్‌ను పిల్లలో మొదటి సభ్యునిగా పెట్టే పద్ధతికి ఒక బలహీనత ఉంది. తల్లికి ఒక సభ్యుణ్ణి చేర్చగానే పిల్లల సభ్యులందరి స్థానాలూ జరుగుతాయి. పిల్లలను తిరిగి కంపైల్ చేయకపోతే అవి తప్పు చోట చదువుతాయి. పాత ఆబ్జెక్టివ్-సి రన్‌టైమ్‌లోనూ ఇదే బాధ. 2007లో వచ్చిన కొత్త రన్‌టైమ్ సభ్యుల స్థానాలను కోడులో అంకెలుగా పొదగకుండా వేరియబుళ్ళలో ఉంచి, ప్రోగ్రాము లోడయ్యేటప్పుడు తల్లి పెరిగిన మేరకు వాటిని జరుపుతుంది. ఆ తరువాత ఈ సమస్య ఉండనే ఉండదు.

కెర్నెల్‌దారి:

చిన్న సవరణ. కొత్త రన్‌టైమ్ వచ్చినది 64 బిట్ మ్యాక్ ప్రోగ్రాములకూ, ఐఫోన్‌కూ. మ్యాక్ మీద 32 బిట్ ప్రోగ్రాములు చివరిదాకా పాత రన్‌టైమ్‌తోనే, ఆ బాధతోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రత్యేకంగా "ఆబ్జెక్ట్ రన్‌టైమ్" అని పేరు పెట్టుకోకుండా, లక్షల పంక్తుల సి కోడును ఆబ్జెక్ట్ పద్ధతిలో నడుపుతున్న చోటు ఒకటుంది, అది లైనక్స్ కెర్నెల్. ఫైల్ ఆపరేషన్స్ అనే స్ట్రక్చర్‌లో చదవడం, రాయడం, తెరవడం వంటి పనులకు గడులు ఉంటాయి. ప్రతి డ్రైవరూ తనకు వచ్చినవాటిని నింపి, రానివాటిని ఖాళీగా వదులుతుంది. ఖాళీ గడికి అర్థం ఏమిటో పిలిచే చోటే నిర్ణయమవుతుంది. కొన్నిటికి దోషం, కొన్నిటికి మామూలు ప్రవర్తన. తల్లి క్లాసు నుంచి నకలు చేసుకునే జీఆబ్జెక్ట్ పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు వైపు.

వారసత్వాన్ని కూడా కెర్నెల్ మరో రకంగా చూస్తుంది. కంటైనర్ ఆఫ్ అనే మ్యాక్రోకు లోపలి సభ్యుని చిరునామా ఇస్తే, ఆ సభ్యుడు పెద్ద స్ట్రక్చర్‌లో ఎన్నో బైటు దగ్గర ఉన్నాడో అంత తీసివేసి, పెద్ద స్ట్రక్చర్ చిరునామా ఇస్తుంది. తీసివేయవలసిన సంఖ్య కంపైల్ సమయానికే తెలుసు. తల్లి మొదటి సభ్యుడే కావాలన్న నియమం దీనితో పోతుంది. ఒకే ఆబ్జెక్టులో రెండు మూడు "తల్లులను" పొదగవచ్చు. దీనికి మారుగా పోగొట్టుకునేది తనిఖీ: తప్పు పాయింటర్ ఇస్తే అది నోరెత్తకుండా తప్పు చిరునామానే ఇస్తుంది.

వేగం గురించి కూడా ఒక మాట. ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలవడం చవక అన్న నమ్మకం 2018 జనవరిలో చెదిరింది. స్పెక్టర్ అనే భద్రతా లోపంలోని రెండో రకం దాడి, ప్రాసెసర్ ఇలాంటి పిలుపుల గమ్యాన్ని ముందుగా ఊహించే తీరునే వాడుకుంది. దానికి విరుగుడుగా వేసిన రెట్‌పొలైన్ ఆ ఊహను అడ్డుకుని ప్రతి పరోక్ష పిలుపునూ ఖరీదు చేసింది. నెట్‌వర్క్ కోడులో వేడెక్కిన చోట్ల, పాయింటర్ విలువను తరచూ వచ్చే ఫంక్షన్ చిరునామాతో పోల్చి, సరిపోతే నేరుగా పిలిచే మ్యాక్రోలు వచ్చాయి. 5.10 కెర్నెల్‌లో స్టాటిక్ కాల్ వచ్చింది. అరుదుగా మారే గమ్యమైతే పిలుపు సూచననే నడుస్తున్న కోడులో దిద్దేస్తుంది. మోటారుగది గారి చిప్‌లో ఈ ఊహాగానమే లేదు కనుక ఇవేవీ ఆయనకు అక్కరలేదు.

లంకెబిందె:

పాతకాపు గారు "పట్టికను కాన్స్ట్‌గా రాస్తే ఫ్లాష్‌లో ఉంటుంది" అన్నది ఆర్మ్ చిప్‌కు నిజం. ఇది చదివి ఎవరైనా ఏవీఆర్ వరస చిప్‌ల మీద ప్రయత్నిస్తే భంగపడతారు. ఏటీమెగా328పీ వంటి వాటిలో ప్రోగ్రాముకు, డేటాకు చిరునామా వరసలు వేరు. అందుకే జీసీసీ కంపైలర్ అక్కడ కాన్స్ట్ పట్టికలను కూడా మొదట్లోనే ర్యామ్‌లోకి నకలు చేస్తుంది. ఉన్నది 2 కిలోబైట్ల ర్యామ్. ఫ్లాష్‌లోనే ఉంచాలంటే ప్రోగ్‌మెమ్ గుర్తు పెట్టి, చదివేటప్పుడు ప్రత్యేక ఫంక్షన్లతో చదవాలి.

పట్టిక ఫ్లాష్‌లో ఉండడం పొదుపుకే కాదు, రక్షణకు కూడా. నేను ఒకప్పుడు పనిచేసిన చోట పట్టిక ర్యామ్‌లో ఉండేది, దాని పక్కనే సీరియల్ పోర్టు బఫరు. పొడవైన సందేశం ఒకటి వచ్చి బఫరు దాటి రెండు గడులను తుడిచివేసింది. మూడు రోజుల తరువాత, ఆ రెండు పనుల్లో ఒకదాన్ని ఎవరో పిలిచినప్పుడు గాని యంత్రం ఆగలేదు. తప్పు జరిగిన చోటికీ, బయటపడిన చోటికీ సంబంధమే కనిపించక వారం రోజులు వెతికాము.

ఇంకొక చిక్కు లింకర్‌తో, అంటే కంపైల్ అయిన ముక్కలను కలిపి ఒకే ప్రోగ్రాము చేసే సాధనంతో ఉంది. కొందరు క్లాసులను చేతితో ఒక జాబితాలో చేర్చే శ్రమ లేకుండా, ప్రతి క్లాసు పట్టికనూ ఒక ప్రత్యేక సెక్షన్‌లో పెట్టి, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఆ సెక్షన్ మొదటి నుంచి చివరి దాకా నడుస్తారు. కెర్నెల్‌లోని ఇనిట్‌కాల్స్ ఇలాంటివే. చక్కని పద్ధతి, కానీ చిన్న చిప్‌లకు మనం లింకర్‌తో వాడని సెక్షన్లను ఏరిపారేయమంటాము. మీ పట్టికను పేరు పెట్టి ఎవరూ పిలవడం లేదు కనుక లింకర్ దాన్ని చెత్తగానే లెక్కిస్తుంది. లింకర్ స్క్రిప్ట్‌లో కీప్ అని రాయకపోతే కంపైల్ సజావుగా అవుతుంది, సెన్సార్లు మాత్రం మాయమవుతాయి.

దీనికి తలకిందుల చిక్కు కూడా ఉంది. పట్టికలోకి ఎక్కిన ఫంక్షన్‌ను ఎవరూ పిలవకపోయినా లింకర్ తీసివేయలేదు, ఎందుకంటే దాని చిరునామా పట్టికలో ఉంది. ఆరు రకాలకు ఆరు పనులు, మొత్తం 36 ఫంక్షన్లూ ఫ్లాష్‌లో కూర్చుంటాయి. 16 కిలోబైట్లలో ఇది చూసుకోవలసిన సంగతి. ఖాళీ పనులకు ఒకే ఉమ్మడి ఫంక్షన్ పెట్టండి.

తొలిబైటు:

ఒక అనుమానం. తల్లి స్ట్రక్చర్‌ను మొదటి సభ్యునిగా పెట్టే బదులు, తల్లిలోని సభ్యులనే ఒక మ్యాక్రోతో ప్రతి పిల్లలోనూ అదే వరసలో అతికిస్తే సరిపోదా? రాయడానికి "బేస్ చుక్క" అని ప్రతిసారీ అనక్కరలేదు.

పాతకాపు:

సరిపోయినట్టే కనిపిస్తుంది, చాలాకాలం పనిచేస్తుంది కూడా. పైథాన్ ఈ దారిలోనే చాలాదూరం నడిచి వెనక్కి వచ్చింది. సి భాషలో రాసిన పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌లో ప్రతి ఆబ్జెక్టూ రిఫరెన్స్ కౌంట్‌తో, రకానికి పాయింటర్‌తో మొదలవుతుంది. పైథాన్ 2 కాలంలో ఈ రెండు సభ్యులనూ ఒక మ్యాక్రో ప్రతి స్ట్రక్చర్‌లోనూ అతికించేది. కంపైలర్ దృష్టిలో ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని స్ట్రక్చర్లు. ఒక రకం పాయింటర్ ద్వారా కౌంట్‌ను రాసి, మరొక రకం పాయింటర్ ద్వారా చదివితే, ఆ రెండూ ఒకే చోటును ముట్టుకోవని అనుకుని వరస మార్చే హక్కు కంపైలర్‌కు ఉంది. అందుకే ఆ ఊహను ఆపే ఐచ్ఛికంతో కంపైల్ చేస్తూ వచ్చారు. పైథాన్ 3లో ఆ మ్యాక్రోను మార్చి, ఉమ్మడి స్ట్రక్చర్‌నే నిజమైన మొదటి సభ్యునిగా పొదిగారు. కెర్నెల్ మాత్రం ఇప్పటికీ ఆ ఐచ్ఛికంతోనే కంపైల్ అవుతుంది.

పొదిగినా జాగ్రత్త పడవలసినది ఒకటుంది. నేను చూసిన ఒక ప్రాజెక్టులో కొత్తగా చేరిన మిత్రుడు ఒక జెండా వేరియబుల్‌ను తల్లికి పైన చేర్చాడు. క్యాస్ట్‌లు అన్నీ కంపైల్ అయ్యాయి, ప్రోగ్రాము మాత్రం పిచ్చిదయింది. అప్పటి నుంచి పైకి వెళ్ళేటప్పుడు క్యాస్ట్ చేయడం మానేసి, తల్లి సభ్యుని చిరునామానే తీసుకుంటున్నాను. కిందికి దిగే చోట, తల్లి సున్నావ బైటు దగ్గరే ఉందని స్టాటిక్ అసర్ట్‌తో కంపైలర్ చేతనే చెప్పిస్తున్నాను.

కిటికీలమేస్త్రి:

ఆ కిందికి దిగే చోటే నాకు కావలసిన తనిఖీ. స్టాటిక్ అసర్ట్ స్థానాన్ని చూస్తుంది, చేతికొచ్చినది వోల్టేజీ ఆబ్జెక్టో మట్టం ఆబ్జెక్టో చూడదు. మోటారుగది గారు పరీక్షల బిల్డ్‌లోనైనా ఆ తనిఖీ ఉంచుకోవాలని నా పట్టు. జీఆబ్జెక్ట్‌లో కూడా క్యాస్ట్ తనిఖీలను ఒక మ్యాక్రోతో ఆపే వీలుంది.

పాతకాపు:

ఒప్పుకుంటాను. పైగా దానికి కొత్త సభ్యుడు అక్కరలేదు. ఆబ్జెక్టులో పట్టిక పాయింటర్ ఉండనే ఉంది. అది మట్టం పట్టికను చూపుతోందా అని పోల్చితే రకం తెలిసిపోతుంది. వంశం ఒకే మెట్టు ఉన్న చోట ఇంతకన్నా కావలసినది లేదు.

మోటారుగది:

అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు కూర్చుని తిరగరాశాను. పేరు, పరిమాణం, తల్లి పాయింటర్, రిఫరెన్స్ కౌంట్, పుట్టించే ఫంక్షన్ అన్నీ తీసేశాను. ఆబ్జెక్టులు 12 స్టాటిక్‌గా ఉన్నాయి. ఆరు కాన్స్ట్ పట్టికలు ఫ్లాష్‌లో ఉన్నాయని లింకర్ ఇచ్చే మ్యాప్ ఫైలు తెరిచి చూసుకున్నాను. మేస్త్రి గారు చెప్పిన తనిఖీని, పాతకాపు గారు చెప్పిన పోలికతో, పరీక్షల బిల్డ్‌లో పెట్టాను. మొదటి రోజే ఒక తప్పు పట్టింది.

సున్నాకుఉత్తరం గారి మాట నాకు అనుకోని చోట పనికివచ్చింది. చాలామంది రైతుల దగ్గర తొట్టి ఉండదు, బోరు నీళ్ళు నేరుగా కాలువలోకి పోతాయి. ఇన్నాళ్ళూ ఆ సెన్సారు లేనిచోట పాయింటర్‌ను ఖాళీగా ఉంచి, పిలిచే ప్రతిచోటా ఖాళీనా కాదా అని చూస్తున్నాను. ఇప్పుడు "లేని సెన్సారు" అని ఏడో పట్టిక రాశాను. దాని ఫంక్షన్లు ఏమీ చేయవు, హద్దు ఎప్పుడూ దాటలేదంటాయి. పిలిచే చోట తనిఖీలన్నీ పోయాయి.

ఒక్కటి మాత్రం మిగిలింది. నా అసలు తప్పు ఒక స్విచ్‌ను మరిచిపోవడం. ఇప్పుడు పట్టికలో ఒక గడిని మరిచిపోతే? సభ్యుల పేర్లతో నింపుతున్నాను కనుక కంపైలర్ హెచ్చరిక కూడా ఇవ్వడం లేదు.

లంకెబిందె:

ఇవ్వదు. పేర్లతో నింపేటప్పుడు వదిలిన గడులు సున్నాలవుతాయి, దాన్ని మీరు కోరి వదిలినట్టే జీసీసీ భావిస్తుంది. ఆ సున్నా చిరునామాను పిలిస్తే మీ చిప్ హార్డ్‌ఫాల్ట్ అనే దోషంలో పడుతుంది. పట్టికలను నేరుగా రాయకుండా, ఆరు వాదాలు తప్పనిసరిగా కోరే ఒక మ్యాక్రో ద్వారా రాయండి. పేర్లతో నింపే పని మ్యాక్రో లోపల జరుగుతుంది. ఐదే ఇస్తే కోడు కంపైల్ కాదు. రేపు ఏడో పని చేర్చి మ్యాక్రోకు ఏడో వాదం పెంచితే, దిద్దవలసిన పట్టికలన్నిటినీ కంపైలరే వరసగా చూపిస్తుంది.

మోటారుగది:

పెట్టాను. కావాలని మోటారు వేడి పట్టికలోంచి హద్దు ఫంక్షన్‌ను తీసేసి చూశాను. ఆ పంక్తి దగ్గరే కంపైల్ ఆగిపోయింది.